వెలుగు తీయించవలెను

నా జన్మలో నేను రాసిన అర్జీ ఒక్కటే. గట్టిగా లెక్కపెడితే నాలుగు వరుసలు. ఆ నాలుగు వరుసల్లో నేను పొదుపు చేసిన ఒక సగం సున్న వల్ల ఏమయిందో చెప్పడానికి ఇన్ని కాగితాలు ఖర్చు చేస్తున్నాను. మామూలుగా నేను చేసే పని కాదు ఇది. కానీ మేలు పొందినదాన్ని, చెప్పకుండా పోతే బాగుండదు. మేలు చేసినవాళ్ల పేర్లు రాయను. రాయమని అడిగే మనుషులు కారు వాళ్లు.

నేను చదివింది రెండున్నర తరగతులు. మా ఊళ్లో చర్చి వసారాలో బడి ఉండేది. వారమంతా మాకు ఓనమాలు చెప్పే పంతులే ఆదివారం లోపలికి పోయి ప్రార్థన చేయించేవాడు. ఆయనకు అరసున్న మీద ప్రాణం. అరసున్న అంటే సగం సున్న. రాయడమే గానీ పలకడం ఉండదు. పలక మీద అది మరిస్తే వేలి కణుపుల మీద బెత్తం పడేది. "పలకని సున్న ఎందుకు సామీ రాసేది?" అని ఒకసారి నోరు జారి అడిగాను.

"పలక్కపోయినా అది చేసే పని అది చేస్తాంటాది. నీ మాదిరి వాగదు," అన్నాడాయన.

మూడో తరగతి సగంలో వేరుశనగ కలుపుకు మనుషులు చాలలేదని మా నాయన నన్ను బడి మాన్పించాడు. బడితో పాటు నేను అరసున్ననూ మానేశాను. పలకని దానికి సిరా ఎందుకు?

కమలాపురం పక్క ఊరికి నన్నిచ్చారు. నా పెనిమిటి బండల గనిలో పని చేసేవాడు. నేల కింద పొరలు పొరలుగా ఉండే నల్లబండను ఉలితో సమంగా చీల్చడం ఆయన పని. బండ చీలబోయే ముందు దాని మీద చెవి పెట్టి వినేవాడు. మాట తక్కువ మనిషి. మా అత్తామామలు పోయారు. పిల్లలు ఇంకా కలగలేదు. ఇంట్లో మేమిద్దరం, నాలుగు కోళ్లు.

మాది ఒంటిగది మట్టిమిద్దె. వెనక దొడ్డి, దొడ్డిలో మా మామ వేసిన బోదగడ్డి కప్పు కొట్టం. కొట్టాన్ని ఆనుకుని తుమ్మకంప కంచె. కంచెకు అవతల లైట్ల సాయిబు ఇల్లు. పెళ్లిళ్లకు, ఉరుసుకు, పీర్ల పండగకు, ఒంటిమిట్ట కల్యాణానికి పోయే బండ్లకు ఆయన గ్యాసులైట్లు బాడుగకు ఇచ్చేవాడు. పొద్దు గూకేటప్పటికి ఒక్కో లైటుకూ గాలి కొట్టి, వెలిగించి, దూలానికి వేలాడదీసి చూసుకునేవాడు. అవి బుస్సుమని శబ్దం చేస్తూ మండేవి. ఆముదం దీపానికి అలవాటుపడిన కళ్లకు అది మిట్టమధ్యాహ్నం.

ఆ ఇంటి ఆడమనిషి నాకంటే పదేళ్లు పెద్దది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఆమెను అక్కా అని పిలిచేదాన్ని. తర్వాత రెండేళ్లు పిలవలేదు. కారణం మా నల్లపెట్ట. అది గుడ్డుకొచ్చిన ప్రతిసారీ కంచె కింద దూరి పోయేది. కొక్కొక్కొ అని అరుస్తూ తిరిగి వచ్చేది. గుడ్డు మాత్రం మా ఇంట్లో ఉండేది కాదు. పదమూడు రోజులు చూశాను. పద్నాలుగో రోజు కంచె దగ్గర నిలబడి, "మా కోడి గుడ్లు కొందరి చట్టిలో బాగా ఉడుకుతాండాయి," అని ఊరికంతా వినబడేటట్టు అన్నాను.

"మా చట్టి మూత తీసి సూసినావా?" అని ఆమె అడిగింది.

"తీయాల్నా? వాసన రాదా?"

ఆమె కొంగు దులుపుకుని లోపలికి పోయింది. అంతే. ఆ రోజుతో మాటలు ఆగిపోయాయి.

ఆ ఏడు ఎండాకాలం మొదట్లో గనిలో బండ పెళుసుగా విరిగి, చిన్న పెచ్చు ఎగిరి నా పెనిమిటి కుడికంట్లో పడింది. నలుగురు మోసుకొచ్చారు. ఎడ్లబండిలో కడపకు తీసుకుపోయి మిషన్ ఆసుపత్రిలో చూపించాం. అక్కడి డాక్టరు దొరసాని పెచ్చు తీసింది. పంపించేటప్పుడు నన్ను కూర్చోబెట్టి మూడుసార్లు చెప్పింది, నేను మూడుసార్లూ తిరిగి ఆమెకు అప్పజెప్పాను. పగలంతా కట్టు ఉండాలి. పొద్దు గూకినాక కట్టు విప్పి, మందు చుక్కలు వేసి, కంటికి గాలి తగలనివ్వాలి. నలభై రోజుల దాకా గట్టి వెలుతురు మాత్రం తగలకూడదు. తగిలితే ఈ కన్ను పోతుంది. ఈ కన్నుతో పాటు మంచి కన్ను కూడా పోవచ్చు.

కళ్లు లేని మనిషి బండ మీద చెవి పెట్టి ఏం చేస్తాడు?

ఆ ఎండల్లో మా మిద్దె లోపల కుండలో నీళ్లే వేడెక్కేవి. అక్కడ ఆయనను పడుకోబెట్టలేను. కొట్టంలో మంచం వేశాను. మూడు పక్కల గోడ, కంచె వైపు మాత్రం ఖాళీ. గాలి వచ్చేది ఆ వైపు నుంచే. మొదటి రోజు సాయంత్రం కట్టు విప్పి మందు వేశానో లేదో, అవతల గ్యాసులైటు బుస్సుమంది. తుమ్మకంప సందుల్లోంచి తెల్లటి చారలు వచ్చి ఆయన ముఖం మీద పడ్డాయి. ఆయన గబుక్కున గోడ వైపు తిరిగాడు. చెంప మీద నీళ్లు కారుతున్నాయి.

మొన్నమొన్నటి దాకా వాళ్లు లైట్లను వాళ్ల గోడ పక్కన వేలాడదీసేవాళ్లు. ఇప్పుడు సరిగ్గా మా కంచె పక్కకు జరిపారు. నేను అది చూసి పళ్లు కొరుక్కున్నాను. గుడ్ల మాటకు ఇప్పుడు కసి తీర్చుకుంటోంది అనుకున్నాను.

గోనెపట్టా కట్టాను. గాలి దాన్ని కొట్టుకుపోయింది. కంబళి కట్టాను. గాలి ఆగిపోయి ఆయన ఒళ్లంతా చెమటలు. "పోయి ఒక్క మాట చెప్పగూడదా?" అన్నాడు.

"నేనా? ఆమెతోనా?"

"ఇంకెవురితో? లైటుతో చెప్తావా?"

"నేను యాడ చెప్పాల్నో ఆడ చెప్తా," అన్నాను.

మా ఊరికి కొత్తగా యూనియన్ పంచాయతీ ఆఫీసు వచ్చింది. వీధిలో పేడ కుప్ప పెట్టినా, అరుగు రెండు మూరలు ముందుకు జరిపినా అక్కడినుంచి నోటీసు వచ్చేది. ఆఫీసు ముందు అర్జీలు రాసిపెట్టే ఆయన కూర్చునేవాడు. నాకు అక్షరాలు వచ్చి ఉండగా ఇంకొకరి చేత రాయించుకోవడం నాకు నచ్చలేదు. ఆసుపత్రి వాళ్లు మందుసీసా చుట్టి ఇచ్చిన కాగితం ఉంది. ఒకవైపు తెల్లగానే ఉంది. దాన్ని అరచేత్తో సాపు చేసి, పుల్లను సిరాలో ముంచి ఇట్లా రాశాను:

"మా పక్కింటివారి వెలుగు మా దొడ్డిలోకి వచ్చి వున్నది. నా పెనిమిటి పండుకొనే చోటు దాకా వచ్చినది. మేము శానా బాధ పడుతున్నాము. తమరు దయవుంచి ఆ వెలుగు తీయించవలెను."

మొదట వెలుతురు అని రాయబోయాను. వెలుగు అంటే ఒక అక్షరం కలిసి వస్తుంది. లైటు అనీ, దీపం అనీ రాయబోయి, వెలుగు అన్నాక మళ్లీ దీపమెందుకు, దీపం లేకుండా వెలుగు వస్తుందా అని మానేశాను. అరసున్న సంగతి నాకు గుర్తుకైనా రాలేదు. చదువుకున్న దొర మాదిరి మడిచి ఆఫీసులో ఇచ్చి వచ్చాను.

నాలుగో రోజు బంట్రోతు పక్కింటికి కాగితం తీసుకుని పోయాడు. నేను రోట్లో జొన్నలు దంచుతూ ఓరకంట చూశాను. సాయిబు కాగితం చదివించుకున్నాడు. ఆమె ఒక్కసారి మా వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉంటుందనుకున్నాను. కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువగా ఉంది. నాకు మాత్రం రోకలి తేలికైంది. ఈ రోజుతో నా మొగుడి కంటికి నిద్ర అనుకున్నాను.

మరునాడు పొద్దున నేను బావి నుంచి బిందెతో వచ్చేటప్పటికి వాళ్లిద్దరూ మా మధ్య ఉన్న కంచెను కొక్కెంకర్రతో లాగి పడేస్తున్నారు. పుల్ల మిగలకుండా పీకారు. ఒక్క మాట లేదు. నేను బిందె చంకలోనే పెట్టుకుని నిలబడ్డాను. దీపం తీయమంటే కంచె తీయడమేమిటి? రోషమా? పిచ్చా? అడగడానికి నోరు రాలేదు. రెండేళ్లుగా మూసుకున్న నోరు.

ఆ సాయంత్రం లైటు వెలిగింది. అడ్డు కంప కూడా లేదు. చారలు లేవు, అంతా పగలే. మంచం, ఆయన, గోడ మీద ఉలి సంచి, అన్నీ తెల్లగా అయిపోయాయి. ఆయన రెండు చేతులూ కళ్లకు అడ్డం పెట్టుకుని, "నన్ను లోపలికి తీసకపో," అన్నాడు. ఆయన అట్లా అడగడం నేను ఎప్పుడూ వినలేదు. లోపలికి తీసుకుపోయి తెల్లారేదాకా తడిగుడ్డతో విసిరాను. పొద్దున కట్టు కట్టబోతే కన్ను చింతనిప్పు మాదిరి ఉంది.

ఇక ఊరుకుంటానా? కొంగు బిగించి ఆఫీసుకు బయలుదేరాను. నాకు ఆ శ్రమ లేకుండా గుమాస్తానే వచ్చాడు, వెనక బంట్రోతు కొలత గొలుసు పట్టుకుని. కంచె ఉన్న చోటును కాలితో తట్టి చూసి, "తీసేసినారు. బాగుంది. ఇప్పుడు హద్దు కొలుస్తాం," అన్నాడు.

"హద్దుతో నాకేం పని సామీ? నేనడిగింది మీరు చేయలేదు!"

"చేయలేదా? నీ కళ్ల ముందరనే ఉండాది గదమ్మా. నువ్వు తీయమన్న వెలుగు తీయించినాము."

"యాడ తీయించినారు? రాత్రి ఇంకా ఎక్కువయింది!"

గుమాస్తా బంట్రోతు ముఖం చూశాడు. బంట్రోతు పక్కన పోగుపడిన తుమ్మకంపను చూపించాడు. "అదో, అదే గదమ్మా వెలుగు. మొత్తం పీకి పడేసినారు. ఇంగ ఎక్కువయ్యేది యాడిది?"

నేను కంప వైపు చూశాను. మా పక్క కంప కంచెను వెలుగు అంటారు. దీపం కాంతిని కూడా వెలుగే అంటారు. పుట్టినప్పటినుంచీ రెండు మాటలూ నా నోట్లోనే ఉన్నాయి. ఒకటి ఇంకొకదాని మీద పడుతుందని నాకు ఎన్నడూ తోచలేదు.

"ఆ వెలుగు కాదు సామీ," అన్నాను. "లైటు వెలుగు. గ్యాసులైటుది."

గుమాస్తా జేబులోంచి నా మందు కాగితం తీశాడు. ముక్కు దగ్గర పెట్టుకుని చదివాడు. "మరి అరసున్న యాడ? దీపం వెలుఁగుకు అరసున్న ఉంటాది. కంచె వెలుగుకు ఉండదు. నువ్వు కంచె అని రాసినావు, నేను కంచె తీయించినా. చదువుకున్న ఆడమనిషి రాసిందంటే నమ్మినా తల్లీ!"

చాలా ఏళ్ల తర్వాత పంతులు బెత్తం మళ్లీ నా కణుపుల మీద పడింది.

అంతలో బంట్రోతు గొలుసు లాక్కుంటూ మా కొట్టంలోకి పోయాడు. నా పెనిమిటి మంచం కొంచెం జరపమన్నాడు. మంచం కోడు కింద మన్ను గీకితే హద్దురాయి బయటపడింది. గుమాస్తా వంగి చూసి, నిటారుగా నిలబడ్డాడు. అప్పుడాయన గొంతు మారింది.

"ఏమ్మా, కంచె వాళ్ల జాగాలోనే ఉండాది. నీ కొట్టమే గజమున్నర వాళ్ల జాగాలోకి పోయింది. కొలిచినాక నేను ఊరుకుండేదానికి లేదు. వారం లోపల కొట్టం పీకేయాల."

నేను మంచం వైపు చూశాను. ఆయన కంటికి కట్టుతో అట్లాగే లేచి కూర్చున్నాడు. లోపల పడుకోలేడు. కొట్టం పోతే ఆరుబయట ఎండలో పడుకోవాలి. నలభైలో ఇంకా ఇరవై ఆరు రోజులు ఉన్నాయి. నా చేత్తో రాసిన కాగితం నా ఇంటి నీడనే తీసేయబోతోంది. సామీ అనబోయాను.

మాట అవతలి నుంచి వచ్చింది. రెండేళ్ల తర్వాత ఆ గొంతు మా దొడ్డిలో.

"ఎవరి కొట్టం ఎవరు పీకాలప్పా? ఆ జాగా మా మామ వాళ్ల మామకు ఇచ్చినాడు. ఇద్దరూ ఈడనే కూసుని బీడీలు తాగుతాండ్రి. మాకు లేని నొప్పి నీకెందుకు?"

"నోటిమాట చెల్లదమ్మా."

"అయితే కాగితం రాసుకో. మేం ఇచ్చినామని రాసుకో. ఏమంటావు?" అని మొగుడి వైపు తిరిగింది. సాయిబు తల ఊపాడు. గుమాస్తా గొణుగుతూ రాసుకున్నాడు. ఇద్దరూ వేలిముద్రలు వేశారు.

వేలు కొంగుకు తుడుచుకుని ఆమె నా ఎదురుగా వచ్చి నిలబడింది. "ఏమ్మే. రెండేండ్లు నోటితో మాట్లాడకుండా ఉండి, ఇప్పుడు కాగితంతో మాట్లాడతాండావా? మా జాగాలో ఉండి మా కంచె మీదనే అర్జీ పెట్టిందని రాత్రంతా నాకు నిద్ర లేదు. లైటు తీయమని చెప్పేదానికి అర్జీ కావల్నా?"

"కంటికి వెలుతురు తగలగూడదంట," అన్నాను.

"యా అల్లా! ఆ మాట మాకెవరు చెప్పినారు?"

సాయిబు అప్పుడు నోరు విప్పాడు. "మగమనిషి మంచాన పడినాడు, చీకట్లో నువ్వొక్కదానివే తడుముకుంటాండావని, నేనే తల్లీ లైటు ఈ పక్కకు జరిపింది. మీకు కొంచెం వెలుతురు ఉంటాదని."

ఎవరైనా తిట్టి ఉంటే నేను నిలబడగలిగేదాన్ని. ఆ మాటకు మాత్రం కూలబడ్డాను, కంప పీకిన గాడి పక్కనే. చెయ్యి ఆనించిన చోట మన్ను గుల్లగా ఉంది. లోపల ముంగిస బొరియ. బొరియ నోట్లో గుడ్డు డొల్లలు, చాట నిండా అయ్యేటన్ని. ఎండి, తెల్లబడి, తేలికగా ఉన్నాయి. ఆమె కూడా వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"మా చట్టి శానా పెద్దదేమే," అంది.

కొట్టంలో నా పెనిమిటి నవ్వాడు. దెబ్బ తగిలినాక అదే మొదటి నవ్వు. గుమాస్తాకు అర్థం కాకపోయినా తనూ నవ్వాడు. నేను ఆమె కాళ్ల వైపు చూస్తూ, "అక్కా," అన్నాను. ఆ ఒక్క మాటే అన్నాను. ఆమె చెయ్యి పట్టి నన్ను లేపింది.

గుమాస్తా పోయేముందు నేను ఆయన్ను అడిగాను, లైటు సంగతి యూనియన్ ఏం చేస్తుందని. ఆయన నిజమే చెప్పాడు. "పేడకుప్పకు రూలు ఉండాది. మురికినీళ్లకు ఉండాది. అరుగుకు, కుక్కకు కూడా ఉండాది. ఒకరి వెలుతురు ఇంకొకరి ఇంట్లో పడితే ఏం చేయాల్నో మా పుస్తకంలో లేదమ్మా. మీరే పెట్టుకోండి రూలు."

పెట్టుకున్నాం. ఆ రోజు పొద్దు గూకకముందే సాయిబు కిరసనాయిలు డబ్బాను చీల్చి, రేకును బల్లపరుపుగా కొట్టి, లైటుకు మా వైపు అడ్డంగా బిగించాడు. లైట్లను పాత చోటికి, వాళ్ల గోడ పక్కకు జరిపాడు. ఇరవై ఆరు రోజులూ, ఉరుసుకు ముందు రద్దీ రోజుల్లో కూడా, రేకు లేకుండా లైటు వెలగలేదు. మా కొట్టంలో చల్లటి చీకటి ఉండేది. కంచె లేనందువల్ల గాలి ఇంకా బాగా వచ్చేది. అక్క సాయంత్రాలు అటునుంచి ఇటు నడిచి వచ్చి మంచం దగ్గర కూర్చుని విసనకర్ర తీసుకునేది, నేను రొట్టెలు చేసుకునేదాన్ని.

ఆ రేకుకు ఊళ్లో అర్జీ రేకు అని పేరు వచ్చింది. మొదట నన్ను ఎగతాళి చేయడానికి అన్నారు. తర్వాత అదే మాట నిలిచింది. పెళ్లివాళ్లు లైట్లకు వస్తే సాయిబే అడిగేవాడు, మీ పక్కింట్లో బాలింత ఉందా, తట్టు పోసిన పిల్ల ఉందా, ముసలివాళ్లు ఉన్నారా అని. ఉంటే లైటుతో పాటు రేకు పంపించేవాడు. దానికి బాడుగ లేదు. మా వీధిలో అది రూలయిపోయింది. ఏ పుస్తకంలోనూ రాసి లేదు, అయినా తప్పినవాళ్లు నాకు తెలిసి లేరు.

నలభయ్యో రోజు కడపకు పోయాం. దొరసాని ఆయన రెప్ప ఎత్తి చూసింది, ఏవో అద్దాలు పెట్టి చూసింది. చివరకు తన వేళ్లు చూపించి ఎన్ని అని అడిగింది. ఆయన తప్పు లేకుండా చెప్పాడు.

బండి ఇల్లు చేరేటప్పటికి మసక పడుతోంది. ఆయన కొట్టంలో మంచం మీద కూర్చుని, కట్టు లేని కళ్లతో అవతల దొడ్డి వైపు చూశాడు. రేకు వెనకనుంచి లైటు బుస్సుమనే శబ్దం మాత్రమే వస్తోంది. "ఒకసారి సూస్తా," అన్నాడు.

నేను కంచె ఉండిన చోటికి పోయి నిలబడ్డాను. "అక్కా, ఆ రేకు తీయి. వెలుగు రానీ."

ఆమె రేకు మీద చెయ్యి వేసి ఆగింది. చదువు రాని మనిషి, కానీ ఆ రోజు గుమాస్తా చెప్పింది మరిచిపోలేదు. "యా వెలుగు మే? సగం సున్న ఉండేదా, లేనిదా? మళ్లా కంప తెచ్చి పెట్టగలను, జాగ్రత్త."

"ఉండేది అక్కా," అన్నాను. "సున్న ఉండేదే."

ఆమె రేకు తీసింది.